శంషాబాదు కారు డాబుసరియా?

రాజోలు, అమలాపురం వాళ్ళు శంషాబాదు విమానాశ్రయానికి కిరాయి కారు కట్టించుకుని పోవడం ఒట్టి డాబుసరి అని ఎకసెక్కమాడే పెద్దలున్నారు. "గల్ఫు డబ్బండీ!" అని ఒక నవ్వు కూడా జోడిస్తారు. అయ్యా, ఆ కారులో కూర్చున్నదెవరో ఎప్పుడైనా తొంగి చూశారా? చాలాసార్లు కువైట్లో ఇంటిపనికి తొలిసారి పోతున్న ఆడమనిషి. ఆమె ఇంకా ఒక్క దీనారమూ కళ్ళజూడలేదు. కారు కిరాయి అప్పు తెచ్చినదే.

రైలెక్కరాదా అంటారు. ఏ రైలు? 1940లో యుద్ధం పేరు చెప్పి కాకినాడ-కోటిపల్లి పట్టాలు పెరుక్కుపోయారు. మళ్ళీ వేసేసరికి 2004 వచ్చింది. కోటిపల్లి నుండి అమలాపురం మీదుగా నరసాపురం దాకా వేస్తామన్న దారి మంజూరై పాతికేళ్ళు దాటింది. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి గాని, అమలాపురంలో కూత వినబడలేదు. ఆ రాని రైలుకు టిక్కెట్టే ఈ కారు కిరాయి.

మధురపూడిలో విమానముంది కదా అనే వాదం మరీ చిత్రం! హైదరాబాదు దాకా విడిగా టిక్కెట్టు కొంటే మామూలుగా 15 కిలోల సామానే. గల్ఫు టిక్కెట్టు ఇచ్చే 30 కిలోల్లో సగం ఊళ్ళోనే వదిలెయ్యాలి. పోనీ, ఆ చిన్న విమానం ఆలస్యమైతే? రెండూ వేరు టిక్కెట్లు గనుక కువైట్ విమానం ఆమె కోసం ఆగదు, డబ్బూ తిరిగి రాదు.

కారువాణ్ణి తప్పుపట్టను. ఖాళీగా తిరిగి రావాలి గనుక రానూపోనూ లెక్క కడతాడు, అది న్యాయమే. రాత్రల్లా నడిపి, కునుకైనా తీయకుండా తిరుగుదారి పట్టే ఆ కుర్రవాడి నిద్రకు మాత్రం ఆ లెక్కలో పద్దు లేదు.