వెనక వాకిలి వాళ్లు

హైదరాబాద్‌లో కాస్త పేరున్న ఏ హోటల్‌కైనా రెండు వాకిళ్లు. ముందు వాకిలి మనకు తెలుసు. వెనక సందులోకి తెరుచుకునే రెండో వాకిలి గుండా ఉల్లిగడ్డ బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం మూటలు లోపలికి పోతాయి. వంటింట్లో పనిచేసే మనుషులూ అటునుంచే పోతారు. వాళ్లలో నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. కంగ్టి, మనూర్, నాగల్‌గిద్ద, సిర్గాపూర్ వానను నమ్ముకుని బతికే మండలాలు. కంది, పత్తి ఇంటికి చేరాక చేతికి పని ఉండదు. కొందరు చెరకు కొట్టడానికి కర్ణాటకకో మహారాష్ట్రకో పోతారు. కొందరు పట్నం బస్సెక్కి పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడతారు. హోటల్‌లో పని కుదిరితే రెండు పూటలా తిండి, పడుకోవడానికి ఇంత చోటు దొరుకుతాయి కాబట్టి ఇంటికి పంపడానికి నాలుగు రూపాయలు మిగులుతాయి. ఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న ప్రాంతం. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అక్కడి గాలిలోనే ఉన్నాయి. అందుకే ఏ రాష్ట్రం వంట మాస్టర్ కింద పనిచేయాల్సి వచ్చినా ఖేడ్ కుర్రాడు భాషకు తడుముకోడు.

ఇలాంటి హోటల్‌కు ఒక రోజు టీవీ వాళ్లు వస్తారు.

వంటను పోటీగా, వంటింటిని రంగస్థలంగా చూపే కార్యక్రమాలు మనకిప్పుడు కొత్తేమీ కాదు. 2021 ఆగస్టులో జెమినీ టీవీలో తమన్నా వ్యాఖ్యాతగా ‘మాస్టర్‌చెఫ్’ తెలుగులో మొదలైంది. చలపతిరావు, సంజయ్ తుమ్మ, మహేశ్ పడాల న్యాయనిర్ణేతలుగా కూర్చుంటే, మన పులుసులకూ వేపుళ్లకూ అంత గౌరవం దక్కిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. వంట చేసే మనిషిని నలుగురి ముందు నిలబెట్టి మెచ్చుకోవడం మంచి పనే. ఆ మెప్పు గరిటె పట్టిన చేతి దగ్గరే ఆగిపోతోందన్నది ఈ నాలుగు మాటల వెనక ఉన్న బాధ.

చిత్రీకరణ ఉన్న రోజు వంటింటి పని మామూలు రోజు కంటే ముందు మొదలవుతుంది. గోడలకు పట్టిన నూనె జిడ్డు గీకాలి. మసి పట్టిన హండీలు తళతళలాడేలా తోమాలి. లైట్లు పెట్టడానికి కటింగ్ బల్లలు జరపాలి. ఆ లైట్ల వేడి భట్టీ వేడికి తోడవుతుంది. ఫ్యాను చప్పుడు మాటల్లో పడుతుందని దాన్నీ ఆపేస్తారు. ఒకే కూర ఒకసారి కెమెరా కోసం, మరోసారి రుచి చూసే అతిథి కోసం పొయ్యెక్కుతుంది. అంటే ఉల్లిగడ్డ రెండుసార్లు తరగాలి, గిన్నెలు రెండుసార్లు కడగాలి. తరిగిన చేతులు ఒక్క క్షణం తెరమీద కనిపించవచ్చు, మొహం కనిపించదు. సింకు దగ్గర మోకాళ్ల దాకా తడిసి నిలబడ్డ మనిషిని అయితే, చిత్రంలో పడకుండా కాస్త పక్కకు జరగమంటారు. ఎవరూ కావాలని అవమానించరు, నిజమే. చూడాల్సింది వంటకమేనన్న అలవాటు మనందరిలో పాతుకుపోయి ఉంది.

ప్రసారమయ్యాక హోటల్ ముందు వరుస పెరుగుతుంది, గల్లా నిండుతుంది. నానబెట్టే బియ్యం రెట్టింపవుతుంది, ప్లేట్లు కడిగే మనుషులు మాత్రం అంతే ఉంటారు. జనం ఒక్కసారిగా పోటెత్తితే ఏమవుతుందో మాదాపూర్ రోడ్డు పక్కన కుమారి ఆంటీ భోజనాల బండి దగ్గర చూశాం. సామాజిక మాధ్యమాల వీడియోలతో వచ్చిన పేరు ట్రాఫిక్ ఆగిపోయేదాకా పోయింది. 2024 జనవరి చివర్లో పోలీసులు ఆ బండిని తీయించారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జోక్యం చేసుకున్నాక గాని అది మళ్లీ నిలబడలేదు. కెమెరా తెచ్చిన గిరాకీని రెక్కల కష్టంతో మోయవలసింది బండి వెనక వాళ్లే.

అమెరికాలో హోటల్ వంటిళ్లలోకి వెళ్లే టీవీ కార్యక్రమాలకు పేరు తెచ్చింది గోర్డన్ రామ్సే ‘కిచెన్ నైట్‌మేర్స్’. బ్రిటన్‌లో 2004లో మొదలై, 2007లో అమెరికా చేరింది. మూతపడబోతున్న హోటల్‌కు వెళ్లి, కేకలు వేసి, మెనూ మార్చి, బోర్డు మార్చి నిలబెట్టడం దాని పద్ధతి. తొలి ఏడాదే న్యూయార్క్‌లోని ‘డిలన్స్’ అనే హోటల్‌కు వెళ్లారు. దాన్ని ‘పూర్ణిమ’గా మార్చి భారతీయ భోజనం పెట్టించారు. సలహాదారుగా వచ్చిన అమృత్‌సర్ వంటవాడు వికాస్ ఖన్నాను ఆ రోజుల్లో ఎక్కువమంది ఎరగరు. తర్వాత ఆయనకు ఎంత పేరు వచ్చిందో మనకు తెలుసు. ఆ హోటల్ మేనేజరు మాత్రం, చూపించినవాటిలో కొన్ని కల్పించినవని కోర్టుకెక్కాడు. పేరు వచ్చినవాడి కథ, పోట్లాడినవాడి కథ చరిత్రలో ఉన్నాయి. ఆ మురికి వంటింటిని కడిగి కొత్త పేరుకు తగ్గట్టు చేసిన కూలీల సంగతి ఎక్కడా లేదు.

అదే కార్యక్రమం ఇంకో చోట మేలు కూడా చేసింది. 2013లో ప్రసారమైన భాగంలో అరిజోనాలోని ‘ఏమీస్ బేకింగ్ కంపెనీ’కి వెళ్లినప్పుడు, భోజనానికి వచ్చినవాళ్లు వడ్డించేవాళ్ల కోసం ఇచ్చే టిప్పులు యజమాని దగ్గరే ఆగిపోతున్నాయని బయటపడింది. మారు ప్రశ్న వేసినందుకు ఒక అమ్మాయిని కెమెరా ముందే పనిలోంచి తీసేశారు. లక్షల మంది ఆ దృశ్యం చూసి ఆ అమ్మాయి పక్షాన మాట్లాడారు. వెనక జరిగే అన్యాయాన్ని చూపించే శక్తి ఈ కార్యక్రమాలకు ఉందని తెలిసింది అప్పుడే. అందుకే వాటిని తీసిపారేయాలని నాకు లేదు. ఆ శక్తిని ఎటు తిప్పుతున్నామన్నదే నా ప్రశ్న.

మన వంటిళ్లలోకి ఇంకో కెమెరా కూడా వచ్చింది. 2024 వేసవి నుంచి తెలంగాణ ఆహార భద్రత టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లలో తనిఖీలు చేసి ఫోటోలతో సహా వివరాలు బయటపెడుతోంది. మూతల్లేని చెత్తబుట్టలు, గడువు తీరిన సరుకులు, తలకు టోపీ లేని సిబ్బంది. జనం ఆరోగ్యానికి ఇది అవసరమైన పని. అయితే టోపీ కొనివ్వాల్సింది ఎవరు? ఆహారం ముట్టుకునే ప్రతి మనిషికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలని నిబంధనలు హోటల్ యజమానికే చెబుతున్నాయి. ఫోటో చూసిన మనం అసహ్యించుకునేది మాత్రం టోపీ లేని ఆ మనిషిని. వారానికి నలభై ఎనిమిది గంటలు, దాటితే రెట్టింపు కూలి, వారానికో సెలవు అని 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం చెబుతోంది. తనిఖీకి వెళ్లినవాళ్లు ఫ్రిజ్ తెరిచినట్టే హాజరు పుస్తకం కూడా తెరిస్తే ఎంత బాగుండును.

కెమెరాను వేరే ఎత్తులో పట్టుకోవచ్చని చూపిన ఊరు ఖేడ్‌కు పొరుగునే ఉంది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. దాన్ని నిలబెట్టిన వాళ్లలో ఒకరైన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. టీవీ కెమెరా అంటే ఏమిటో బాగా తెలిసిన ఆయన దాన్ని సొసైటీ సంఘాల్లో ఉన్న, బడి మొహం చూడని దళిత మహిళా రైతుల చేతికిచ్చారు. 2008లో మాచ్‌నూర్ నుంచి వాళ్లే నడిపే సంఘం రేడియో మొదలైంది. సంఘం మహిళలు పండించే జొన్న, సజ్జ, కొర్రలతో వండి పెట్టే హోటల్‌ను జహీరాబాద్‌లో తెరిచారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలకే వచ్చింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుని, టీవీ వంటలవాళ్లు కొర్రలతో కొత్త కొత్త వంటలు చేస్తున్న ఏడాదే మార్చిలో సతీశ్ కన్నుమూశారు.

ఆ మహిళలు కెమెరా కోణాలకు తమ బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎదుటి మనిషి కళ్లకు సమంగా చూసేది సంఘం షాట్. ఇంతకంటే మంచి చిత్రీకరణ పాఠం ఏ సినిమా బడిలోనూ ఉంటుందనుకోను. కింద కూర్చున్న మనిషిని పైనుంచి తీస్తే ఎలా కనిపిస్తారో వాళ్లకు చెప్పక్కర్లేదు. అలా చూడబడుతూ పెరిగినవాళ్లే వాళ్లు. వాళ్లు తీసిన చిత్రాల్లో విత్తనం దాచిన చేతికి ఊరుంది, పేరుంది, మాట ఉంది.

హోటల్ వంటింట్లోకి వెళ్లే టీవీ సంస్థలు ఈ పద్ధతి నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదు. యజమానితో రాసుకునే ఒప్పందంలో రెండు మాటలు చేర్చాలి. చిత్రీకరణ రోజు అదనపు గంటలకు కూలి ఎవరిస్తారన్నది ఒకటి. వంటింట్లో ఉన్న ప్రతి మనిషి ఇష్టంతోనే చిత్రంలో ఉన్నాడన్నది రెండోది. కార్యక్రమం చివర్లో దర్శకుడి నుంచి డ్రైవరు దాకా పేర్లు వేస్తారు. ఆ వరుసలో మాస్టర్, హెల్పర్, కటింగ్ చేసినవాడు, గిన్నెలు తోమిన ఆవిడ పేర్లు కూడా వేయాలి. ఖేడ్ అని ఊరి పేరు పక్కనే రాయాలి. వచ్చే సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.