సైలెన్సరు తర్వాత, ముందు మీటరు

లాంగ్ రైడ్‌ల కోసమని బండి కొన్న మగవాళ్ల ఖర్చుల లిస్టు ఎప్పుడైనా చూశారా? మొట్టమొదట సైలెన్సరు. తర్వాత కళ్లు జిగేల్మనే లైట్లు. ఆ తర్వాత క్రాష్ గార్డు, ఫోన్ హోల్డరు, ట్యాంకు మీద స్టిక్కర్లు, వెళ్లని ఊళ్ల పేర్లతో సహా. ఇంజన్ లోపల ఆయిల్ ఎంత వేడెక్కిందో చెప్పే చిన్న మీటరు మాత్రం ఏ లిస్టులోనూ ఉండదు. అడిగితే "కంపెనీ వాడే పెట్టలేదు, నీకెందుకే" అంటారు. చెవులు చిల్లులు పడే ఆ సైలెన్సరు కూడా కంపెనీ వాడు పెట్టలేదు కదండీ!

రోజూ వంటలూ పిల్లల చదువులూ రాసుకునే దీనికి ఇంజన్ ఆయిల్ గొడవేమిటి అనుకునేవాళ్లకి ఒకటే మాట. ఆ బండి వెనక సీట్లో కూర్చునేది నేను. దాని వాయిదాలు కట్టింది మా ఇంటి ఖర్చుల్లోంచి. వేడికి ఇంజన్ పట్టేసిందంటే పరిగెడుతున్న బండికి వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోవచ్చు. అప్పుడు పడేది ఇద్దరమూ. కాబట్టి ఇది "మగవాళ్ల విషయం" అన్నమాట నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

మాది గాలికి చల్లబడే 350 సీసీ ఇంజన్. రేడియేటరు లేదు, కూలెంటు లేదు. బయట రెక్కలకి తగిలే గాలి, లోపల తిరిగే ఆయిల్, ఈ రెండే దాని వేడిని మోసుకుపోవాలి. ఆయిల్ అంటే జారుడు కోసమే అనుకుంటారు చాలామంది. ఇలాంటి బళ్లలో అది సగం నీళ్ల పని కూడా చేస్తోంది. వేడి హద్దు దాటితే ఆయిల్ పల్చబడుతుంది, పల్చబడితే ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండాల్సిన పొర తెగుతుంది. మాటిమాటికీ అలా కాగితే నల్లబడి చిక్కబడి జిడ్డు పేరుకుంటుంది.

నూనె వేడి సంగతి మనకి ఒకరు చెప్పాలా? గారెలు వేసేముందు పిసరంత పిండి వేసి చూసేది మనం. పొగ లేస్తే మంట తగ్గించేది మనం. నాలుగుసార్లు కాగిన నూనె మళ్లీ వాడొద్దని పోట్లాడేది మనం. అట్ల పెనం మీద నీళ్లు చిలకరించి, ఆ చప్పుడుని బట్టి పిండి వేసేవాళ్లం. అదే బుద్ధి ఇంజన్ దగ్గర వాడితే మాత్రం "ఆడవాళ్లకేం తెలుసు"!

అంకెల్లోకి వస్తాను. 15డబ్ల్యూ-50 అని డబ్బా మీద ఉంటుంది చూడండి, ఆ 50 అనేది ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెప్పే తరగతి. అంటే ఆ వేడిలో పనిచేయడానికే అది తయారైంది. గాలికి చల్లబడే ఇంజన్‌లో 90 నుంచి 110 దాకా మామూలు. 120 దాటితే కాస్త నెమ్మదించాలి. 130 దాటి అక్కడే నిలబడితే ఆపాలి. బండిని బట్టి, సెన్సరు ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి. అందుకే మొదటి నెల రోజులు మీ బండికి మామూలు అంకె ఏదో చూసి గుర్తుపెట్టుకోవాలి.

తక్కువ వేడి కూడా మంచిది కాదు, ఇది చాలామందికి తెలీదు. కూరగాయల బజారుకీ ట్యూషనుకీ రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేసే బండిలో ఆయిల్ సరిగా కాగదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి లోపలే చేరుతుంది. ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లగా మజ్జిగ నురగలా కనిపించేది చాలాసార్లు అదే. బండి బాగా కాగేలా అప్పుడప్పుడు దూరం తిప్పితే ఆ తడి ఆరిపోతుంది. మీటరుంటే కాగిందో లేదో తెలుస్తుంది.

మా మెకానిక్ అయితే మీటరు మాటెత్తగానే నావైపు చూడకుండా మా వారితో "అవన్నీ వేస్టు సార్, చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోద్ది" అన్నాడు. చెయ్యికి ఏం తెలుస్తుందండీ? 100 డిగ్రీలకీ కాలుతుంది, 140కీ కాలుతుంది. ఆ రెంటి మధ్య తేడాలోనే ఇంజన్ బతుకంతా ఉంది. పైగా చెయ్యి పెట్టేది బయటి రెక్కల మీద, ఆయిల్ ఉన్నది లోపల. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, కాలుతున్న ఇంజన్ మీద సీసాడు నీళ్లు గుమ్మరిస్తారు. పొయ్యి మీద కాలుతున్న గాజు గిన్నెని కుళాయి కింద పెడతామా మనం?

"మా నాన్నగారు ముప్పై ఏళ్లు ఏ మీటరూ లేకుండా నడిపారు" అనేవాళ్లు ఇంకో రకం. నడిపారు, కాదన్ను. ఆయన అరవై దాటేవారు కాదు, గంటకోసారి టీ కొట్టు దగ్గర ఆగేవారు. మీరు పొద్దున ఐదింటికి బయల్దేరి టిఫినుకి కూడా ఆగకుండా తొంభైలో లాగుతారు. మే నెలలో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ముందు లారీ, రెండో గేరు, వెనక నేను, నా వెనక రెండు బ్యాగులు. ఇంజన్‌కి పని ఎక్కువ, తగిలే గాలి తక్కువ. మామూలుగా వంద దగ్గర తిరిగే ముల్లు అక్కడ 125 దాకా పాకడం నేను కళ్లారా చూశాను. బండి చప్పుడులో మాత్రం ఏ తేడా లేదు.

ఇక అసలు సంగతి. "నడుం పట్టేసిందండీ, కాస్త ఆపండి" అంటే "ఇంకో పది కిలోమీటర్లేగా" అంటారు. "ముల్లు 125 మీదుందండీ" అంటే మరుక్షణం ఇండికేటరు వేసి చెట్టు కింద ఆపుతారు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయిన నాకు లేని పరపతి నిన్నగాక మొన్న వచ్చిన మీటరుకి ఉంది. వాళ్ల రైడింగ్ గ్రూపులో ఇది చెబితే అందరూ నవ్వారు, "వదినగారు భలే కనిపెట్టారు" అని. నాకు నవ్వు రాలేదు. ఇంజన్ వేడెక్కితే ఆగాలని ఒప్పుకునే మనిషికి, వెనకున్న మనిషి నొప్పికి ఆగడం ఎందుకు నామోషీ? మీటరు పెట్టించమని నేను గట్టిగా అనడంలో సగం కారణం ఇదే, దాచుకోను. అది ఇంజన్ని కాపాడుతుంది, ఆ వంకన నా నడుమునీ. మిగతా సగం గురించి ఇంట్లో పోట్లాట జరుగుతూనే ఉంది.

పెట్టించేటప్పుడు దగ్గరుండండి. ఆయిల్ మూత స్థానంలో బిగించే డయల్ ఒక రకం. వైర్లు అక్కర్లేదు, కానీ కింద ఇంజన్ పక్కన ఉంటుంది కాబట్టి ఆగాకే చూడగలం. మూత మర సరిపోవాలి, లోపలికి దిగే పుల్ల ఆయిల్లో మునగాలి, అలాగని తిరిగే భాగాలకి తగలకూడదు. బండికి ప్రత్యేకించి చేసినదే కొనాలి. సెన్సరు లోపల, డయల్ హ్యాండిల్ మీద ఉండే రకం నాకు నచ్చింది, భుజం మీంచి నాకూ కనిపిస్తుంది. డ్రెయిన్ బోల్టు స్థానంలో పెట్టే సెన్సరు కిందికి పొడుచుకొస్తే రాళ్లకి తగులుతుంది, అది చూసుకోవాలి. ఇంజన్‌కి కొత్తగా చిల్లు పెడతానంటే మాత్రం బండి తీసుకుని వచ్చేయండి.

ఆయిల్ మార్చే రోజే చేయిస్తే ఆయిల్ దండగ కాదు. కొత్త వాషరు వేయించాలి. అల్యూమినియం మర మెత్తన, బలం చూపిస్తే అరిగిపోతుంది. ఒంటి వైరు సెన్సరైతే మర నిండా టేపు చుట్టనివ్వకండి, దానికి ఎర్తు ఆ మరలోంచే అందాలి. కరెంటు తాళం తిప్పితేనే వచ్చే లైన్‌లోంచి, మధ్యలో చిన్న ఫ్యూజుతో తీయాలి. వైరు సైలెన్సరుకి తగలకూడదు. హ్యాండిల్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పినా లాగినట్టు ఉండకూడదు. వారంటీలో ఉన్న బండికి వైర్లు కోయించే ముందు సర్వీస్ సెంటర్లో అడగండి, ఆ భయం న్యాయమైనదే. కూలెంటు ఉన్న బండికి దీని అవసరం అంతగా లేదు.

బిగించేముందు ఒక పరీక్ష ఉంది, అది మన వంటింట్లోనే. పాత గిన్నెలో నీళ్లు తెర్లనిచ్చి, సెన్సరు కొసని అడుగుకి తగలకుండా వేలాడదీసి, తాత్కాలికంగా కరెంటు ఇచ్చి చూడండి. మా విశాఖలో సముద్రమట్టం కాబట్టి వంద చూపించాలి. అరకులో అయితే మూడు డిగ్రీలు తక్కువ. మా వారు నమ్మక రెండుసార్లు చేయించారు. రెండుసార్లూ వందకి ఒక గీత అటు. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి.

ఒకటి మర్చిపోకండి. ఇది ఆయిల్ వేడి చెబుతుంది, ఆయిల్ ఎంతుందో చెప్పదు. మట్టం బాగా పడిపోయి సెన్సరు గాలిలో తేలితే ముల్లు తప్పుడు లెక్క చూపించి అంతా బాగుందని నమ్మిస్తుంది. పుల్ల తీసి చూడటమో, గాజు కన్నంలో చూడటమో మానకూడదు. బండి నిటారుగా నిలబెట్టి, మాన్యువల్లో చెప్పిన పద్ధతిలోనే చూడాలి. నిటారుగా పట్టుకోవడానికి ఒకరు, వంగి చూడటానికి ఒకరు కావాలి. వంగి చూసేది మీరే అవ్వండి.