గుకేశ్ గెలుపు అదృష్టం కాదు

డింగ్ లిరెన్ పొరపాటు చేశాడు, గుకేశ్ గెలిచాడు: 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చెస్ టైటిల్‌ను తేల్చిన పద్నాలుగో గేమ్ గురించి చాలామంది మాట ఇదే. మాజీ విజేత క్రామ్నిక్ అయితే చదరంగానికే కాలం చెల్లినట్టు వాపోయాడు. ఈ అభిప్రాయం తప్పు. 58 ఎత్తుల ఆటను ఒక్క ఎత్తుకు కుదించి తీర్పు చెబితే అది విశ్లేషణ అనిపించుకోదు.

ఆ ఎత్తునే చూద్దాం. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ను ఎఫ్2కి తెచ్చాడు. గుకేశ్ రూక్‌లు మార్చుకుని బిషప్‌ను డి5లో నిలిపాడు. తెల్ల బిషప్ ఎ8 మూలలో ఉంది. మూలగడి నుంచి బిషప్‌కు ఒకటే దారి, ఆ దారి మూసుకుపోయింది. ఇక బిషప్‌ల మార్పిడి తప్పదు. మిగిలేది ఒక బంటుపై రెండు బంట్లు, అంటే నల్లపావుల గుకేశ్‌కు గెలుపు. ఆ బిషప్ బి7లో ఉంటే ఎ6కో, సి8కో తప్పుకునేది. దాన్ని మూలకు చేర్చింది డింగ్ 53వ ఎత్తు. నల్ల బిషప్‌కు డి5లో కాపు దొరికింది గుకేశ్ 54వ ఎత్తులో రాజును ఈ5కి నడిపించడం వల్ల. ఒక్క తప్పు వెనక ఇంత అల్లిక ఉంది.

డింగ్ తప్పును తొలిచూపులో పోల్చుకోలేదని గుకేశే చెప్పాడు. అంతమాత్రాన అది అదృష్టమైపోదు. అప్పటికి స్కోరు 6.5–6.5. తెల్లపావులతో ఆడుతూ కూడా డింగ్ 29వ ఎత్తులో బంటును వదులుకుని మంత్రులను మార్చుకున్నాడు, డ్రా చాలనుకున్నాడు. డ్రా అయితే పోరు ర్యాపిడ్ టైబ్రేక్‌కు వెళ్లేది. గుకేశ్ మాత్రం 51వ ఎత్తు దగ్గర పాత స్థితినే పునరావృతం చేయకుండా బిషప్‌ను ఈ6కి మార్చి ఆట సాగించాడు. ఇలాంటి స్థితికి చెస్ ఇంజిన్ అంచనాగా సున్నా చూపిస్తే, యంత్రం లెక్కలో ఇద్దరూ సమానమే. గడియారం తరుముతుంటే ఆ సున్నాను ఎత్తు ఎత్తుకూ కాపాడుకోవాల్సింది మాత్రం మనిషే.

2013లో చెన్నైలో కార్ల్‌సన్ ఐదో, ఆరో గేముల్లో ఆనంద్‌ను ఓడించిందీ డ్రాగా నిలబెట్టుకోగల ముగింపుల్లోనే. దాన్ని పట్టుదల అని మెచ్చుకున్నాం, సాంకేతిక నైపుణ్యమన్నాం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు అదే చేస్తే అదృష్టమనడం అన్యాయం. ఎవరు తప్పు చేశారన్నది ఇంజిన్ క్షణంలో చెబుతుంది. ఆ తప్పు దాకా ఎవరు, ఎలా లాక్కొచ్చారో చెప్పేదే విశ్లేషణ.