పీచు కాని కోడిముక్క

మా నాచారం వీధిలో ఎయిర్ ఫ్రయర్ కొన్న ఇళ్ళు పెరిగినవి. నూనె తగ్గించమని డాక్టరు చెప్పిన ఇంటాయన కోసం కొంటారు. ఆయన ‘ఈ పీచు నమలలేను’ అని కంచం పక్కకు నెడతారు. వారం తిరిగేసరికి మళ్ళీ మూకుడు పొయ్యి ఎక్కుతుంది. మాంసంపై పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉప్పల్ దాటగానే చెంగిచర్లలో ఉన్నది గాని, ఆ విద్య మన వంటిళ్ళకు చేరలేదు కాబోలు!

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. రొమ్ముముక్కలో కొవ్వు బహు తక్కువ. వేడి హద్దు దాటితే కండ బిగుసుకుని తనలోని నీటిని పిండివేస్తుంది. అందుచేత లీటరు నీళ్ళలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కలను అరగంట నానవేయండి. లోనికి దిగిన ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. తడి తుడిచి, లావువైపు అప్పడాలకర్రతో కొట్టి అంతటా ఒకే మందం చేయండి. లేకుంటే లావుభాగం ఉడికేలోగా సన్నని కొస ఎండిపోతుంది. చెంచాడు నూనె, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు పట్టించండి. మళ్ళీ ఉప్పు వద్దు.

190 డిగ్రీలలో 10, 12 నిమిషాలు. నడుమ ఒకసారి తిరగవేయాలి. గడియారాన్ని మాత్రం నమ్మకండి. లావుభాగం నడుమ గుచ్చిన వంట థర్మామీటరు 74 డిగ్రీలు చూపగానే తీయండి. అంతకు ముందే తీసి పిల్లలకు పెడితే ప్రమాదం, ఇంకా ఉంచితే పీచు. 5 నిమిషాలు ఆగి కోయండి.

రక్తపోటు ఉన్నవారికైతే నేను ఉప్పునీటికి మారుగా పెరుగులో రెండు గంటలు నానవేసి, మసాలాలో చిటికెడు ఉప్పుతో సరిపెడతాను.