సిస్టర్స్ అంటే సరిపోతుందా?

మా గురజాలలో నాయకురాలు నాగమ్మని మెచ్చుకునేవాళ్లున్నారు, తిట్టేవాళ్లున్నారు. పన్నెండో శతాబ్దపు మనిషి. పల్నాటి యుద్ధం పాపమంతా ఆమె నెత్తిన రుద్దినవాళ్లు కూడా పేరు మాత్రం చెరపలేదు. పాటలు కట్టిన ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి మనం ఆపాటి మర్యాద కూడా చూపించం. "వింజమూరి సిస్టర్స్, జానపదాలు పాడేవాళ్లు" అనేసి చేతులు దులుపుకుంటాం.

వాళ్లు పాడి ఊరుకున్నవాళ్లు కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన 'జయ జయ ప్రియ భారత' మనందరం బడిలో పాడాం. దానికి బాణీ కట్టింది ఆయన మేనకోడలు అనసూయాదేవి. 'మాభూమి' సినిమా అనగానే తెరమీద గద్దర్ పాడిన పాట గుర్తొస్తుంది. రావాల్సిందే. కానీ ఆ సినిమాకి నాగభూషణంతో కలిసి సంగీతం చేసిన సీతాదేవి ఎంతమందికి గుర్తు? తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన సినిమాకి పనిచేసిన ఆవిడని ఇంకా "అనసూయగారి చెల్లెలు" దగ్గరే ఆపేశాం.

ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదు. 1960ల్లో బ్రిటన్‌లో పాప్ పాటలు పాడిన కే సిస్టర్స్ అసలు అక్కచెల్లెళ్లే కాదు. ముగ్గురూ వేరువేరు ఇళ్ల అమ్మాయిలు. అయినా ఆ లేబుల్ అమ్ముడుపోయింది. బెవర్లీ సిస్టర్స్ నిజంగానే తోబుట్టువులు. జాయ్, టెడ్డీ, బాబ్స్ ముగ్గురూ ఒకే రకం బట్టల్లో స్టేజీ ఎక్కేవాళ్లు. ఎవరు ఎవరో తెలియకపోవడమే అక్కడ ముచ్చట.

"మల్లాది బ్రదర్స్ అనడం లేదా? మగవాళ్లకీ ఉందిగా!" అంటారు. ఉంది. వాళ్లు జంటగా కచేరీ చేస్తారు, జంటగా పిలుస్తాం. మరి సాలూరి రాజేశ్వరరావు, హనుమంతరావు కూడా అన్నదమ్ములే, ఇద్దరూ సంగీత దర్శకులే. "సాలూరి బ్రదర్స్" అని ఎవరైనా అన్నారా? ఎవరి పని వాళ్ల ఖాతాలో వేశాం. అనసూయ, సీతలకి మాత్రం ఇప్పటికీ జాయింట్ అకౌంటే.

అనసూయాదేవి 2019లో హ్యూస్టన్‌లో పోయారు. ఇప్పుడు జానపదాన్ని ఫ్యూజన్ చేసి యూట్యూబ్‌లో పెడుతున్న మన తరం, కింద "ట్రెడిషనల్" అని ఒక్క ముక్క రాసేసి తప్పుకుంటోంది. ఆ పాట ఎవరి నోట విన్నామో, ఎవరి బాణీ ఎత్తుకున్నామో రాయడానికి ఒక లైను చాలు. గొంతులు కలిస్తే పాటకి అందం. పేర్లు కలిపేస్తే మాత్రం అది ఎగవేతే.