చిన్న ఊరి జట్టు వదిలితే ద్రోహమేనా?

2016లో కెవిన్ డ్యురాంట్ ఓక్లహోమా సిటీని వదిలి గోల్డెన్ స్టేట్‌కి వెళ్ళినప్పుడు కొందరు అభిమానులు అతని జెర్సీలు తగలబెట్టారు. ఇప్పటికీ ఎన్‌బీఏ మాటొస్తే మా లంచ్ టేబుల్ దగ్గర ఎవరో ఒకరు "చిన్న ఊరంటే స్టార్లకి చులకన" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు ఓక్లహోమాని అతను ఎంచుకున్నాడా? 2007 డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకున్నది సియాటిల్. డ్రాఫ్ట్‌లో ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికే పోవాలి, కేంపస్ ప్లేస్‌మెంట్ దీనికంటే నయం. ఏడాది తిరిగేసరికి, 41 ఏళ్ళుగా సియాటిల్‌లో ఉన్న జట్టునే ఓనర్లు ఓక్లహోమాకి పట్టుకుపోయారు! 2012లో జీతం బేరం కుదరక జేమ్స్ హార్డెన్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. ఇవన్నీ 'బిజినెస్'. కాంట్రాక్టు పూర్తి చేసి ఆటగాడు వెళ్తే మాత్రం ద్రోహం!

పోనీ డబ్బు కోసమా అంటే, ఎన్‌బీఏ రూల్స్ ప్రకారం సాధారణంగా పాత జట్టే ఎక్కువ ఇవ్వగలదు. ఆటగాడు ముఖ్యంగా చూసేది, ఇక్కడ గెలుస్తామా లేదా అని. మిల్వాకీ ఏం మహానగరం? యానిస్ 2020లో అక్కడే ఐదేళ్ళకి సంతకం పెట్టి 2021లో కప్పు కొట్టాడు. అదే ఓక్లహోమా 2025లో చాంపియన్ అయింది, షే గిల్జస్ అలెగ్జాండర్ వెంటనే అక్కడే కాంట్రాక్టు పొడిగించుకున్నాడు.

తనని ఓడించిన జట్టులోనే చేరాడని డ్యురాంట్‌ని తిట్టండి, ఒప్పుకుంటా. కానీ నోటీసు పీరియడ్ పూర్తి చేసి, కేటీ ఇచ్చి, దర్జాగా కంపెనీలు మారే మనమా అతన్ని ద్రోహి అనేది? :)