తాళంచెవి ఎవరి జేబులో ఉంది? (కంపెనీ గేటు లోపల – 7వ భాగం)



పోయిన భాగం చదివి ఒక ఇంజినీరింగ్ తమ్ముడు అడిగాడు: "అన్నా, సేఫ్టీ కంట్రోలర్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది, కీ స్విచ్ ఉంటుంది. అది మెషిను. అందులో కులం ఎక్కడుంది?"

అడగాల్సిన ప్రశ్నే. నేను ఐటీఐ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. పదకొండేళ్ళు కాంట్రాక్టు మీద కెమికల్ ప్లాంట్లలో చేశాను. ప్యానెల్ ముందు నిలబడినవాడిగానే జవాబు చెబుతా.

ముందు అసలు సంగతి. ప్లాంటుని రోజూ నడిపే కంట్రోల్ సిస్టమ్ వేరు, సేఫ్టీ కంట్రోలర్ వేరు. ఇది మామూలు రోజుల్లో ఏమీ చెయ్యదు, చూస్తూ ఉంటుంది. రియాక్టర్ వేడి గీత దాటిందా, ఎవరినీ అడక్కుండా ఆవిరి వాల్వు మూసేస్తుంది. ఆ గీత ఎన్ని డిగ్రీల దగ్గర అనేది ఒక అంకె. ఎన్ని సెకన్లు ఆగి మూయాలనేది ఇంకో అంకె. ఏ సెన్సర్ మాట వినకూడదో చెప్పే బైపాస్ ఒక టిక్కు. వీటిలో ఏది మారినా ప్లాంటు ఆగదు, సరుకు వస్తూనే ఉంటుంది, బోనస్ కూడా వస్తుంది. మారిందని తెలిసేది వేడి గీత దాటిన రోజే.

నేను చేసిన ఒక చోట (పేరు వద్దు, అన్ని చోట్లా ఇదే) ఒక రాత్రి కంట్రోలర్‌లో ఒక మాడ్యూల్ చెడిపోయింది. కొత్తది పెట్టారు. సెట్టింగులు మళ్ళీ ఎక్కించాలి కదా, వెండర్ మనిషి తన లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు ఎక్కించాడు. అది ప్లాంటు మొదలుపెట్టిన రోజుల నాటి పాత ఫైలు. 95 డిగ్రీల దగ్గర మూయాల్సిన వాల్వుకి అందులో 110 అని ఉంది. ఎవరూ సరిచూడలేదు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ సంతకం పెట్టి టీ తాగడానికి వెళ్ళాడు.

తొమ్మిది రోజుల తర్వాత రాత్రి రెండింటికి వేడి పెరిగింది. 95 దాటింది, వాల్వు కదల్లేదు. 103 దగ్గర, కింద పైపుల మధ్య ఉన్న కాంట్రాక్ట్ హెల్పర్ పరుగెత్తి చేత్తో ఆవిరి వాల్వు తిప్పి మూశాడు. అరచెయ్యి కాలింది. మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లాడు, ఇరవై రెండేళ్ళు.

మెమో ఎవరికి వచ్చిందనుకున్నారు? వాడికే. అనుమతి లేకుండా ప్యానెల్ గదిలోకి వెళ్ళి సెట్టింగులు కదిలించాడట. వాడు ఆ గదిలోకి రోజూ వెళ్ళేవాడు, నిజమే. నేల తుడవడానికి!

ఇప్పుడు చెప్పండి. సెట్టింగులకు పాస్‌వర్డ్ ఉందా లేదా? ఉంటే తుడుపుగుడ్డ పట్టుకున్నవాడు ఎలా మార్చాడు? లేకపోతే పాస్‌వర్డ్ పెట్టని మేనేజర్‌కి మెమో ఏది? రెండూ ఒకేసారి నిజం కావు. అయినా ఎంక్వైరీలో రెండూ రాసుకున్నారు, ఎవరికీ సిగ్గనిపించలేదు. ఆ ప్యానెల్ తలుపు మీద "ముట్టుకోరాదు" అని బోర్డు ఉంటుంది. మా తాతకి ఊరి బావి దగ్గర చెప్పిన మాటే అది. నీళ్ళు పాడైతే నేరం మాత్రం ఆయనదే.

తాళం వద్దని నేనట్లేదు. తాళం కావాలి, గట్టిగా కావాలి. 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ఏం జరిగిందో ఇంజినీరింగ్ తమ్ముళ్ళు చదవాలి. అక్కడుంది ష్నైడర్ కంపెనీ ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్. లోపల మూడు ప్రాసెసర్లు ఒకే లెక్క చేసి ఓటు వేస్తాయి. బయట ఒక కీ. అది రన్‌లో ఉంటే ప్రోగ్రామ్ మార్చనివ్వదు, ప్రోగ్రామ్‌లో ఉంటే మార్చనిస్తుంది. పని అయ్యాక రన్‌కి తిప్పాలి. తిప్పకుండా వదిలేశారు. ట్రైటన్ అని పేరుపడిన వైరస్‌తో హ్యాకర్లు కంట్రోలర్ లోపలికే దూరారు. జూన్‌లో ప్లాంటు ఒకసారి దానంతటదే ఆగితే మెషిను లోపమనుకుని మళ్ళీ నడిపారు. ఆగస్టులో మూడు ప్రాసెసర్ల లెక్క కుదరక మళ్ళీ ఆగాక గానీ దొంగ దొరకలేదు. ప్రాణాలు పోలేదు, అదృష్టం. ఆ కీ తిప్పే అధికారం ఏ ప్లాంటులోనూ హెల్పర్‌కి ఉండదు.

స్క్రీన్ మీద అంకె మారడమే మార్పు కాదు. భోపాల్‌లో మిక్ ట్యాంకుని చల్లబరిచే రిఫ్రిజిరేషన్‌ని 1984 జూన్‌లోనే ఆపేశారు. గ్యాస్‌ని కాల్చేసే ఫ్లేర్ టవర్ ఆ డిసెంబరు రాత్రి పనిలో లేదు. ఇన్ని పైనుంచి ఆపి, చివరికి యూనియన్ కార్బైడ్ చెప్పిన కథ ఏమిటి? ఎవరో కార్మికుడు కావాలని నీళ్ళు కలిపాడని. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ వదిలి 12 మందిని చంపింది. అక్కడా చల్లబరిచే యంత్రాన్ని రోజంతా నడపలేదు, ట్యాంకు పైభాగంలో వేడి కొలిచే సాధనమే లేదు. ఇవి ఏ కూలివాడి చెయ్యి తగిలి జరిగినవి?

అంచేత నేను అడిగేది తాళంచెవి కాదు. చూసే హక్కు. ఈ కంట్రోలర్లలో చాలావాటికి మొత్తం ప్రోగ్రామ్‌ని కలిపి లెక్కగట్టిన ఒక సిగ్నేచర్ నంబరు ఉంటుంది. లోపల ఒక్క సెకను, ఒక్క డిగ్రీ మార్చినా ఆ నంబరు మారిపోతుంది. దాన్ని చదవడానికి బీటెక్ అక్కర్లేదు. ఆమోదించిన నంబరుని గేటు దగ్గర బోర్డు మీద రాయండి. ఇప్పుడు నడుస్తున్న నంబరు పక్కన రాయండి. ఏ సెన్సర్ బైపాస్‌లో ఉందో, ఎవరు పెట్టారో, ఎన్ని గంటలకు తీస్తారో కింద రాయండి. కీ ఏ స్థానంలో ఉందో షిఫ్ట్ మారేటప్పుడు కార్మికుడొకడు, ఆఫీసరొకడు కలిసి చూసి సంతకం పెట్టాలి. మాడ్యూల్ మారిస్తే, వాల్వు నిజంగా మూస్తుందో లేదో పరీక్షించకుండా ప్లాంటు ఎత్తకూడదు. మా ప్లాంటులో ఆ రాత్రి ఈ చివరి పని చేసినా వాడి చెయ్యి కాలేది కాదు.

"అందరికీ చూపిస్తే హ్యాకర్లకి దొరుకుతుంది" అంటారు మేనేజర్లు. నంబరు చూస్తే తలుపు తెరుచుకోదు సార్. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించేది మీరు, మేం కాదు.

చట్టం లేదా అంటే, ఉంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41జి ప్రకారం, 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా, ప్రమాదకర పరిశ్రమల్లో సేఫ్టీ కమిటీ వేయాల్సి ఉండేది, అందులో కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండాల్సి ఉండేది. ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు కార్మికుడికి అదే చట్టంలోని 41హెచ్ ఇచ్చింది. నేను చేసిన చోట కమిటీలో కార్మికుల పేర్లు ఉండేవి. మీటింగు జరిగిందని ఆ పేర్లున్నవాళ్ళకే తెలియదు. కాంట్రాక్టు వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. వాల్వుల దగ్గర ఉండేది మాత్రం వాళ్ళే.

ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మొదటి రోజే అడగండి: ఇక్కడ కీ ఏ స్థానంలో ఉంది, ఎవరి జేబులో ఉంది, చివరిసారి ఏ తేదీన తిప్పారు? జవాబు రాకపోతే కామెంట్లో కంపెనీ పేరు పెట్టకండి, నాకు మెసేజ్ చెయ్యండి.

ఆ పిల్లాడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. మెమో జిరాక్స్ నా దగ్గర ఉంది. వాడు ఒప్పుకున్నాడు, వచ్చే ఆదివారం పేర్లు తీసేసి దాన్ని వాక్యం వాక్యం చదువుదాం.